ఫోన్ కోసం ఆగిన పొద్దు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మా అక్క చేతిలోంచి చాయ్ గ్లాసు జారి పడింది. టైము కచ్చితంగా తెలుసు. నల్లా నీళ్లు ఎక్కించే మోటరు ఆపడానికి నేను అప్పుడే గడియారం చూశాను. స్టీలు గ్లాసు, దొర్లుకుంటూ గడప దాకా వచ్చింది. అక్క దాన్ని తీయడానికి వంగలేదు. తన ఎడమ చేతిని చూసుకుంటూ నిలబడింది.

"ఏమైందక్క?"

"ఏం గాలే తమ్మి. చెయ్యి తిమ్మిరెక్కింది."

మాట సరిగానే ఉంది. మూతి మాత్రం ఎడమవైపు కొద్దిగా జారినట్టు అనిపించింది. ఆ రోజు అది ఉత్త భ్రమే అనుకుని పక్కన పెట్టాను. బావ పక్కన పెట్టలేదు. చూసిన వెంటనే చొక్కా తొడుక్కున్నాడు.

"ఆటో తెస్త. దవాఖానకు పోదాం."

"ఆగు బావ, ఒక్క ఫోన్ చేసి పోదాం." ఈ మాట అన్నది నేను.

సిద్దిపేటలో మాది ఒకే ఇల్లు, రెండు పోర్షన్లు. ధూళిమిట్టలో పొలం కౌలుకిచ్చి అక్కా బావా వచ్చినప్పటి నుంచి పక్కపక్కనే ఉన్నాం. పెద్ద దవాఖాన మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు. అయినా మా వాళ్లు అక్కడికి నేరుగా పోరు. వార్డులో పార్టీ పనులు చూసే మనిషి ఒకరుంటారు, అందరూ ఆయన్ని అన్న అంటారు. ఆయనకు చెబితే, ఆయన పైనున్న లీడరు సార్‌కు చెబుతాడు. అక్కడి నుంచి దవాఖానకు ఫోన్ పోతుంది, మనోళ్లే, జర చూడున్రి అని. ఆ ఫోన్ పోతే బెడ్డు దొరుకుతుందని, పోకపోతే బయట కూర్చోబెడతారని నమ్మకం. మమ్మల్ని కన్న బాపుకు బాగాలేనప్పుడు మేము ఎవరికీ చెప్పకుండా పోయి పొద్దంతా బెంచీ మీద కూర్చున్నాం. "నాకొక మాట చెప్తే అయిపోవు గద" అని పక్కింటాయన తర్వాత మందలించాడు. ఆ రోజు బాపు పడ్డ అవస్థ నేను మరిచిపోలేదు.

అయినా ఈ ఫోన్లను ఇంట్లో అందరికంటే ఎక్కువ తిట్టేది నేనే. వైద్యంలోకి రాజకీయం రాకూడదని, రోగం వచ్చిన మనిషి ఏ పార్టీవాడో ఎవరికీ అక్కర్లేదని పుస్తకాల్లో చదివి అక్కతో వాదించేవాణ్ని. అక్క ఒప్పుకునేది కాదు.

"రాజకీయం లేకుంటే గీ దవాఖాన ఆకాశంకెళ్లి పడ్డదా? ఓట్లు అడిగిన్రు, ఏసినం, కట్టిన్రు. నా మొదటి కాన్పుకు నొప్పులతోటి హైదరాబాద్ దాక జీపుల పోయిన. నువ్వు మర్శినవ్, నేను మర్వలే. నీ పుస్తకాలు గాడ ఒక్క మంచమన్న ఏసినయా?"

బావ నవ్వేవాడు.

ఆరు ఇరవై అయిదుకు అన్నకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఏడుకు పది నిమిషాల ముందు ఆయనే చేశాడు. చెప్పిందంతా ఓపికగా విన్నాడు.

"తొందరపడకున్రి తమ్మి. ఊకెనే పోతే గాడ పట్టించుకునేటోడు ఉండడు. సార్ ఎనిమిదింటికి కిందికి దిగుతడు. నేను గాడ్నే ఉంట. మాట వడంగనే నీకు చేస్త."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఎనిమిదింటికి అక్కడే ఉన్నాడట.

అక్క ఉప్మా రెండు ముద్దలు తిన్నది. నీళ్లు తాగితే పెదవి చివర నుంచి కారాయి. కొంగుతో తుడుచుకుంది. బావ నన్ను వాకిట్లోకి పిలిచి, "గిది మంచిగ లేదు. నడువు, పోదాం" అన్నాడు. నేను ఇంకో అరగంట అన్నాను. లోపలి నుంచి అక్క విన్నది.

"ఏంది, నా చెయ్యి లేవనీకి గూడ సార్ పర్మిషన్ గావాల్నా?"

ముగ్గురం నవ్వాం. నవ్వినప్పుడు అక్క ముఖం ఒక్క పక్కే కదిలింది. నేను చూశాను. బావ చూశాడు.

ఎనిమిదీ నలభైకి అన్న మళ్లీ ఫోన్ చేశాడు. సార్ పక్క మండలంలో పెండ్లికి పోయిండు, నేను ఎనకనే పోతున్న, గాడ దొరకవడ్త అన్నాడు. నేను సరే అన్నాను. ఆ తర్వాతి గంటన్నర గురించి నాకు సరిగా చెప్పడం రాదు. మళ్లీ ఫోన్ చేస్తే ఆయన విసుక్కుంటాడేమో అని భయం. మేము ముందే పోయి ఎక్కడో మూలన పడితే, తర్వాత ఫోన్ వచ్చినా మమ్మల్ని ఎవరూ వెతకరేమో అని భయం. చార్జింగ్ అయిపోతుందేమో అని కూడా భయపడ్డాను. అక్క పడుకుంది. నిద్రపోతుంటే నయమవుతుందనుకున్నాను.

పది దాటాక లేవబోయి మంచం పక్కన కూలిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. మాట లేదు. బావ నా వైపు చూడలేదు. ఆమెను రెండు చేతులమీద ఎత్తుకుని రోడ్డు దాకా పోయాడు. నేను వెనకాల ఆధార్ కార్డు, రేషన్ కార్డు జిరాక్సులు పట్టుకుని పరుగెత్తాను.

దవాఖాన గుమ్మం దగ్గర మమ్మల్ని మీరెవరు అని ఎవరూ అడగలేదు. మేము నోరు తెరవకముందే స్ట్రెచర్ వచ్చింది. డాక్టరమ్మది చిన్న వయసు. ఎప్పుడు మొదలైందని అడిగింది. ఆరు పదికి అన్నాను. మళ్లీ అడిగింది, మళ్లీ అదే చెప్పాను. తలకు స్కాన్ తీసి బయటికి వచ్చేసరికి పదకొండుకు దగ్గరైంది.

"పక్షవాతం. మొదలైన నాలుగున్నర గంటల్లోపైతే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తాం. ఇప్పుడు ఇస్తే మెదడులో రక్తం కారే ప్రమాదం ఎక్కువ. మీ ఊరు ఎక్కడ?"

మా వీధి పేరు చెప్పాను.

"ఇక్కడేనా? మరి ఇంతసేపు?"

"ఫోన్ కోసం ఆగినం మేడం."

"ఎవరి ఫోన్?"

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది.

ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. ఒక ఉద్యోగి వార్డులోకి వచ్చి, సార్ ఫోన్ చేయించిన పేషెంట్ ఎవరని అడిగాడు. నేను చెయ్యెత్తాను. అక్కను కిటికీ పక్క బెడ్డుకు, ఫ్యాను కిందికి మార్చారు. అప్పటిదాకా ఆ బెడ్డు మీదున్న, మద్దూరు నుంచి వచ్చిన ముసలమ్మను గోడవైపు పంపారు. ఆమె కూతురు మూట సర్దుకుంటూ నాకు వినబడేటట్టే అన్నది.

"మీకు ఫోన్లున్నయ్. మాకు కాళ్లున్నయ్. ఏం జేస్తం, జరుగుతం."

ముసలమ్మకు వచ్చింది కూడా అదే జబ్బు, ముందురోజు పొద్దున. సాయంత్రం చాయ్ దగ్గర, అంత దూరం నుంచి టైముకు ఎట్ల అందుకున్నరమ్మా అని ఆ కూతుర్నే అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"ఎవరికి చెప్పాల్నో మాకు తెల్వది. నూట ఎనిమిదికి కొట్టినం, బండొచ్చింది, ఎక్కినం."

ముసలమ్మకు ముందురోజే, టైములోపే ఇంజెక్షన్ ఇచ్చారు. మూడో రోజు కూతురి చెయ్యి పట్టుకుని నడిచింది. మా అక్క బెడ్డు దగ్గర ఆగి, "ఎట్లున్నది బిడ్డా మీ అక్కకు?" అని అడిగేది. గట్లనే ఉన్నది అవ్వా అనేవాణ్ని.

ఆ ఫోన్ వల్ల ఏమీ కాలేదని చెప్పగలిగితే నాకు కొంత తేలికగా ఉండేది. కానీ అయింది. ఒక ముసలమ్మను లేపి మాకు ఫ్యాను ఇచ్చింది. రేపు ఇంకెవరికో నిజంగా బెడ్డే ఇప్పిస్తుంది, వాళ్లు ఊరంతా చెబుతారు, విన్నవాళ్లలో ఒకరు ఇంట్లో మనిషిని పడుకోబెట్టి ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. అక్క అన్నదీ తప్పు కాదు. ఆ దవాఖానను రాజకీయమే తెచ్చింది. డాక్టర్లు ఎందరు, మంచాలు ఎన్ని అని ఓటు అడిగేవాళ్లను అడగాలి, గట్టిగానే అడగాలి. ఆ అడగడం మేము మానేసి చాలా కాలమైంది. మంచాలు చాలినన్ని ఉంటే ఫోన్‌కు విలువే ఉండదు. మేము మంచాలు అడగలేదు, ఫోన్ అడిగాం. నేను అడిగాను.

పదకొండో రోజు అక్క పోయింది. ఛాతీలో నిమ్ము చేరిందన్నారు.

దినాలకు అన్న వచ్చాడు. ఫొటో ముందు కూర్చుని ఏడ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎంతమంది కోసమో సార్ గుమ్మం ముందు ఎండలో నిలబడ్డాడు. పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యేసి, "ఫోనైతే పోయింది గద తమ్మి?" అన్నాడు.

"పోయిందన్న."

బావ లేచి లోపలికి పోయాడు. ఈ రోజు వరకు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటాడేమో అని ప్రతిరోజూ అన్నం దగ్గర కూర్చున్నప్పుడు నాకు గుబులుగా ఉంటుంది.

పోయిన నెల పొద్దున్నే బావ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని వచ్చి, మంటగా ఉందన్నాడు. నా చెయ్యి ఫోన్ మీదికి పోయింది. బావ నా చెయ్యినే చూశాడు. ఫోన్ అక్కడే వదిలి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో కోసం పోయాను. దవాఖానలో చూసి గ్యాస్ అని తేల్చారు. ఆ గంటసేపూ, ఎవరికీ చెప్పకుండా తీసుకొచ్చి తప్పు చేశానేమో అని నేను బావను తీసుకుపోయిన లోపలి గది తలుపు వైపు చూస్తూనే ఉన్నాను. ఆ భయం పోలేదు, పోతుందని కూడా అనుకోను. దవాఖానకు బయల్దేరే ముందు ఎవరితోనైనా ఫోన్ చేయించడం మాత్రం మా ఇంట్లో ఇప్పుడు లేదు.