బ్లేడు మాస్టారు కొయ్యని టేపు

అందరూ ఆయన్ని బ్లేడు మాస్టారు అనేవారు. మాటలతో విసిగిస్తారని కాదు, ఆయన మాట్లాడటమే తక్కువ. పాట మధ్యలో గాయకుడు దగ్గినా, ఎవరో కుర్చీ జరిపినా, ఆ చప్పుడున్న టేపు ముక్కని బ్లేడుతో కోసి అతుకు తెలియకుండా అంటించేవారు. ఫర్నిచర్ గిడ్డంగి మేడ మీది రెండు గదుల స్టూడియోలో ఇరవై తొమ్మిదేళ్ళు ఆయన పని అదే. గోడలకి పాత బొంతలు, కిటికీలకి చెక్కలు, మధ్యలో మందపాటి అద్దం. అద్దానికి అటు పాడేవాళ్ళు, ఇటు ఆయన.

ఆ ఐదుగురూ మెట్లెక్కి వచ్చిన రోజుకి మాస్టారికి ముప్ఫై నాలుగేళ్ళు. నలుగురు కుర్రాళ్ళు, ఒక అమ్మాయి. అప్పటికి వాళ్ళ బృందానికి పేరైనా లేదు. డ్రమ్ములు ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నవి. పాటలు కట్టేది గిటారు కుర్రాడు, పాడేది ఆ అమ్మాయి. సన్నగా, ఒక్కచోట నిలవకుండా తిరిగేది గనక స్నేహితులు పిట్ట అనేవారు.

సరిగ్గా ఆ ఉదయమే మాస్టారి చేతిలోంచి హెడ్‌ఫోన్ జారి నేలమీద పడింది. కుడివైపు మూగబోయింది, ఎడమవైపు గరగరలాడింది. స్టూడియోకి ఉన్నది అదొక్కటే. యజమాని నోరు మంచిది కాదు. మాస్టారు దాన్ని తుడిచి, ఏమీ ఎరగనట్టు కొక్కేనికి తగిలించేశారు.

ముందు ఐదుగురూ ఒకే మైకు చుట్టూ నిలబడి, సరిచూసుకోవడానికి పాటలన్నీ ఓసారి పాడుకున్నారు. అదీ టేపుకెక్కింది. ఆ తర్వాత అసలు రికార్డింగు. వాయిద్యాలు ముందే ఎక్కించి, మధ్యాహ్నం పిట్టని ఒక్కదాన్నే నిలబెట్టి చెవులకి హెడ్‌ఫోన్ తగిలించారు.

"మాస్టారూ, కుడి చెవిలో ఏం రావట్లేదు. రెండోదాంట్లో గరగర తప్ప పాట వినపడట్లేదు" అంది.

యజమాని పక్కనే ఉన్నాడు. మాస్టారు అద్దానికి అటున్న స్పీకరు మీట నొక్కి, "పాడేవాళ్ళకి ఒక చెవి చాలమ్మా! రెండోది పొగడ్తలు వినడానికి దాచుకో" అన్నారు.

కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. పిట్టా నవ్వింది. పాడింది. శ్రుతి జారింది. మళ్ళీ పాడింది, మళ్ళీ జారింది. ఏడోసారికి కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

గిటారు కుర్రాడు లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "మాస్టారూ, నిజం చెప్పండి. లోపం తనదేనా?"

హెడ్‌ఫోన్ పాడైందని ఒక్క మాట అంటే సరిపోయేది. "గొంతు బాగుంది బాబూ, శ్రుతి పట్టే చెవి లేదు. అది పుట్టుకతో రావాలి, నేర్పితే వచ్చేది కాదు" అన్నారు.

వారం తర్వాత నలుగురే వచ్చారు. వైరు అరిగిపోయిందని యజమానికి చెప్పి మాస్టారు అప్పటికే కొత్త హెడ్‌ఫోన్ తెప్పించారు. గిటారు కుర్రాడే పాడాడు. రెండేళ్ళు తిరిగేసరికి బస్సుల్లో, మంగలి షాపుల్లో, పెళ్ళి పందిళ్ళలో ఎక్కడ విన్నా వాళ్ళ పాటే. "వీళ్ళని మొదట రికార్డు చేసింది ఈయనే" అని చుట్టాలు చూపిస్తుంటే మాస్టారు తల దించుకునేవారు. అణకువ అనుకునేవాళ్ళు చూసినవాళ్ళు. ఆ పిల్లకి ఎలాగూ శ్రుతి నిలిచేది కాదులే అని తనకి తానే చెప్పుకుని, చెప్పుకుని, చివరికి నమ్మేశారు.

ఇరవై రెండేళ్ళు గడిచాయి. బృందం తొలినాటి పాటల్ని విడుదల చేస్తామని ఒక కంపెనీ నుంచి ఫోనొచ్చింది. "మధ్యలో మాటలూ నవ్వులూ ఉంటే అలాగే ఇవ్వండి, అభిమానులకి అవే ఇష్టం" అన్నారు. మాస్టారు అటక మీంచి టేపు దించి, పాత మిషన్ మీద పెట్టారు. ఆయన భార్య పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

ముందు వచ్చింది పొద్దుటి పాట. హెడ్‌ఫోన్ లేకుండా, ఒకే మైకు ముందు పాడింది. పిట్ట గొంతు గీత గీసినట్టు తిన్నగా వెళ్ళింది. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

"ఎవరండీ ఈ అమ్మాయి? ప్రాణం లేచొస్తోంది" అంది భార్య.

తర్వాత ఆయన జోకు వచ్చింది. ఆవిడ ఫక్కున నవ్వి, ఆయన మొహం చూసి ఆపేసింది. అంతా చెప్పారు. ఆవిడ మడతపెడుతున్న బట్ట పక్కన పెట్టింది. "ఇన్నాళ్ళూ నాతో కూడా అనలేదే" అంది.

మాస్టారి చెయ్యి సొరుగులోని బ్లేడు మీదికి పోయింది. జోకు ఉన్నది బారెడు టేపు. కోసి అంటిస్తే ఎవరికీ తెలియదు.

"కొయ్యాలనుంటే కొయ్యండి. ముందు ఆవిడెక్కడుందో కనుక్కుని, చెప్పి, ఆ తర్వాత కొయ్యండి" అంది భార్య.

పిట్ట ఊరి చివర డ్రైవింగు స్కూలు నడుపుతోంది. జుట్టు నెరిసింది, గొంతు కరుకెక్కింది. ఆఫీసు గదిలో జనం ఉన్నారని మాస్టారిని కారులో కూర్చోబెట్టింది.

"ఆ రోజు తప్పు నీ చెవిది కాదమ్మా. హెడ్‌ఫోన్ది. కింద పడేసింది నేనే. తెలిసే చెప్పలేదు."

ఆవిడ స్టీరింగు పట్టుకుని ఎదురుగా చూస్తూనే చెప్పింది. "వాళ్ళు తీసేసినందుకు కాదు మాస్టారూ నేను ఏడ్చింది. వాళ్ళు కాకపోతే ఇంకొకరితో పాడేదాన్ని. నాకు చెవి లేదని మీరు అన్నారని వాళ్ళే చెప్పారు. తెలిసినవారు కదా, నమ్మాను. స్నానం చేస్తూ కూడా కూనిరాగం తియ్యలేదు. మా అమ్మాయి బళ్ళో పాటల్లో చేరతానంటే, మనింట్లో ఎవరికీ చెవి లేదే, నవ్వులపాలవుతావని నేనే మాన్పించాను."

మాస్టారు ఒక్కరికి క్షమాపణ చెప్పుకుందామని వచ్చారు. ఇద్దరున్నారని తెలియదు.

"దాని ముందు చెప్పండి. నేను చెబితే ఓదారుస్తున్నాననుకుంటుంది."

ఆఫీసులో లెర్నర్ ఫారాలు రాస్తున్న అమ్మాయిని పిలిచింది. పంతొమ్మిదేళ్ళుంటాయి. మాస్టారు మొదటినుంచీ మళ్ళీ చెప్పారు. రెండోసారి ఇంకా కష్టమైంది.

"అప్పుడు భయపడ్డారు, సరే" అందా పిల్ల. "వారానికి కొత్తది వచ్చిందన్నారుగా. అప్పుడెందుకు చెప్పలేదు?"

"నా మాట అబద్ధమని తేలిపోతుందని."

"అంటే మా అమ్మకంటే మీ మాట ఎక్కువైంది."

"అవునమ్మా."

పిల్ల తలుపు వేసి వెళ్ళిపోయింది. పిట్ట క్షమించాననలేదు. "టేపు కొయ్యకండి" అని మాత్రం చెప్పి, బయట ఎదురుచూస్తున్న శిష్యుణ్ణి కారెక్కించుకుంది.

మాస్టారు టేపు ఉన్నదున్నట్టు ఇచ్చారు. జరిగింది ఒక కాగితం మీద రాసి జతచేశారు. కంపెనీ పాటలు వేసింది, జోకు వేసింది, కాగితం వెయ్యలేదు. అది చదివిన గిటారు కుర్రాడు, ఇప్పుడు పెద్దమనిషి, ఓ రోజు ఫోన్ చేశాడు.

"మీరు మనసుకి ఎక్కించుకోకండి మాస్టారూ. మీరు అనకపోయినా తనని తీసేసేవాళ్ళమేమో. నాకే పాడాలని ఉండేది."

వినగానే మాస్టారికి బరువు దిగినట్టయింది. ఆ వెంటనే, దిగినట్టనిపించినందుకే సిగ్గేసింది.

"తీసెయ్యడం మీ ఇష్టం బాబూ" అన్నారు. "చెవి లేదని అన్నది మాత్రం నేనే. ఆ మాట నువ్వు పంచుకోలేవు."