పడవ మూతికి ఫిష్ ఫైండర్

గల్ఫ్ నుంచి వచ్చేసిన తర్వాత నేను అక్కా బావల పడవలో మూడో మనిషినయ్యాను. బావది వ్యవసాయం. రిజర్వాయర్ కట్టినప్పుడు ఊరితో పాటు ఆయన భూమి కూడా నీళ్ల కిందికి పోయింది. ఉండడానికి కాలనీలో ఇల్లు వచ్చింది కానీ, పొద్దున లేచి పోవడానికి పొలం లేకుండా పోయింది. చిన్నప్పటి నుంచి చెరువుల్లో వల వేసిన చేతులు కాబట్టి మత్స్యకారుల సొసైటీలో చేరి, సబ్సిడీ మీద ఒక ఫైబర్ పడవ తెచ్చుకున్నారు. వెనక మోటారు దగ్గర బావ కూర్చునేవాడు. ముందు మూతి దగ్గర అక్క. వల వదిలేదీ, తీసేదీ ఎప్పుడూ ఆమే.

బాధంతా వలలతోనే. నీటి అడుగున మునిగిన చెట్లు, మొండిగోడలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. సాయంత్రం వేసిన వలను పొద్దున లాగితే సగం వచ్చి ఆగిపోయేది. అక్క కాలు అంచుకు తన్నిపెట్టి లాగేది. ఇక రాదని తెలిశాక కత్తి తీసి తనే కోసేది. మధ్యాహ్నాలు ఇంటి ముందు కూర్చుని మిగిలిన వలను అల్లుతుంటే, నైలాన్ దారం కోసిన గీతలు ఆమె వేళ్ల మీద కనిపించేవి.

ఒకరోజు అలా అల్లుతున్నప్పుడే చెప్పాను. గల్ఫ్‌లో నేను పనిచేసిన లాంచీలో ఫిష్ ఫైండర్ అని చిన్న టీవీలాంటిది ఉండేదని, నీళ్లెంత లోతో, అడుగు ఎట్లా ఉందో, చేపలు ఏ ఎత్తులో తిరుగుతున్నాయో అది బొమ్మ గీసి చూపించేదని. అక్క చేతిలో దారం ఆగిపోయింది. బావ మాత్రం సముద్రం వేరు, ఇది వేరు అని లేచి వెళ్లిపోయాడు.

నేను వదలలేదు, అక్క అసలే వదలలేదు. చివరికి బావ ఒక మెట్టు దిగాడు. కొంటే కొనండి గాని, పడవ నడిపేది తను కాబట్టి వెనక తన దగ్గరే కట్టాలన్నాడు. వెనక కడితే మోటారు రెక్కలు లేపే బుడగలకు బొమ్మ చెదిరిపోతుందని, పైగా అడ్డం కనిపించేసరికి అక్క వదిలిన వల దాని మీదికి పోయి ఉంటుందని నేను చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు అక్క తల ఎత్తకుండానే అంది.

"వల ఇడిశేది నేను. నాకు కనవడాలె గద."

అంతటితో ఆ మాట తెగింది. పడవ మూతికే.

కొనడానికి హైదరాబాద్ పోయాం. బావ రానన్నాడు. దుకాణంలో అతను మొదట బంతిలాంటిది చూపించాడు. నీళ్లలో వేస్తే ఫోన్‌లో బొమ్మ వస్తుందట. తడి చేతులతో ఫోన్ పట్టుకుని వల ఎట్లా వదలాలని అక్క అడిగింది. తర్వాత పెద్ద తెరది తీశాడు. మ్యాపులు, రంగులు, వేలు తాకిస్తే మారే బొమ్మలు. నాకు నోరూరింది. అక్క తన నీళ్ల బాటిల్ మూత తీసి, వేళ్లు తడుపుకుని తెరను తాకింది. బొమ్మ ఇటూ అటూ ఎగిరింది. ఆమె దాన్ని ఎండలో చూస్తానంది. అతను కాసేపు తటపటాయించి, వైరు పొడిగించి వాకిట్లోకి తెచ్చాడు. ఆ ఎండలో పెద్ద తెర అద్దమైపోయింది.

"గిండ్ల నా మొఖమే కనవడ్తున్నది తమ్మీ," అంది.

చివరికి మేం తెచ్చుకున్నది అరచేతికంటే కొంచెం పెద్ద తెర ఉన్నది. తాకే తెర కాదు, గట్టి బటన్లు. ఎండలోనూ గీత స్పష్టంగా కనబడింది. అక్కకు ఇంగ్లీషు రాదు. లోతు చూపే అంకె, కింద గీత, మధ్యలో చేపలు చాలన్నది.

సిద్దిపేటలో వెల్డింగ్ చేయించి పడవ మూతికి ఒక ఇనుప పైపు బిగించాం. ఒడ్డుకు వచ్చేటప్పుడు పైకి మడిచేలా దానికి ఒక మడత. తెరకు వైరుతో కలిసే, నీళ్లలోకి చూసే కన్నును దాని కొసకు కట్టాం. మొదటి రోజు గాలికి పడవ ముందు భాగం లేచినప్పుడల్లా కన్ను నీళ్లు దాటి బయటికొచ్చి, తెర ఖాళీ అయ్యేది. మళ్లీ వెల్డింగ్‌కు పోయి పైపును జానెడు కిందికి దింపించాక బొమ్మ నిలిచింది.

చేపలు వంకర గీతల్లా కనిపిస్తాయి. పగిలిన చేతిగాజుల ముక్కల్లెక్క ఉన్నాయని అక్క నవ్వింది. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటే చెయ్యి ఎత్తేది, బావ పడవను పక్కకు తిప్పేవాడు. వలలు చిరగకుండా తిరిగి రావడం మొదలైంది. ఒకనాడు ఆమె ఒడ్డున కనిపించే గుట్ట దిక్కుకు చెయ్యి చూపించి, అటు కూడా చూద్దామంది. బావ మోటారు ఆపేశాడు.

"గా దిక్కు నేను రాను. గాడ మన ఊరున్నది. మునిగిన ఇల్లును టీవీల చూడాల్నా?"

ఆయన మిషన్ వద్దన్నది ఎందుకో నాకు అప్పటికి గాని అర్థం కాలేదు. అక్క బలవంతం చేయలేదు. నేనూ మళ్లీ ఆ మాటెత్తలేదు.

వానాకాలం పోయాక ఒక పొద్దున బావ ఎవరికీ చెప్పకుండా పడవను గుట్ట వైపు తిప్పాడు. అక్క వెనక్కి చూసి, తెర ముందు సర్దుకుని కూర్చుంది. అడుగు మెల్లగా పైకి లేచింది. గోడల అంచులు వచ్చాయి, పోయాయి. కొంత దూరం చదునుగా సాగి, ఉన్నట్టుండి గీత నిట్టనిలువుగా కిందికి పడిపోయింది. అక్క ఆయన్ని పిలిచింది. బావ మోటారు నా చేతికిచ్చి, వంగి నడుస్తూ ముందుకు వచ్చాడు. గుట్టను చూశాడు, తెరను చూశాడు.

"మన బాయి," అన్నాడు.

కళ్లనీళ్లు పెట్టుకుంటాడేమోనని భయపడ్డాను. ఆయన తెర మీద వేలు పెట్టి, బావి చుట్టూ గుంపుగా ఉన్న వంకర గీతలను చూపించి, ఇవన్నీ చేపలేనా అని అడిగాడు. అవునన్నాను. చాలాసేపు చూశాడు.

"నీళ్లకు ఎన్నడు కరువు చెయ్యలేదు గీ బాయి. ఇప్పుడు చేపలను సాదుతున్నది."

ఆ సాయంత్రం బావికి ఎడంగా, వల దాంట్లోకి జారకుండా వేశాం. మర్నాడు పొద్దున అక్క ఒక్కతే లాగలేకపోయింది. బావ కూడా చెయ్యి వేశాడు. రవ్వ, బొచ్చె చేపలు వెండిలా మెరుస్తూ పడవలో పడుతుంటే ఇద్దరూ తడిసి ముద్దై నవ్వుకున్నారు. ఊరు పోయిన తర్వాత బావ అట్లా నవ్వడం మళ్లీ ఇప్పుడే చూశానని అక్క ఆ రోజు ఇంట్లో నాకు చెప్పింది.

ఇప్పుడు మా పడవలో జాగాలు మారాయి. అక్క మోటారు నేర్చుకుంది. బావ వల వదులుతూ, ఆమెకు దారి చెప్తూ ముందు కూర్చుంటాడు. తెర మీద గీత లేవగానే అది ఎవరి ఇంటి గోడో, ఏ దారి పక్క చింతచెట్టో ఆయనకు తెలిసిపోతుంది. వలలు చిక్కే చోటల్లా థర్మోకోల్ ముక్కలకు ఎర్రగుడ్డలు చుట్టి, కింద బరువు కట్టి, గుర్తుగా నీళ్ల మీద వదులుతున్నాడు. మిగతా పడవలవాళ్లు వాటిని చూసి తప్పుకుని పోతున్నారు. గాలికి ఒకటి కొట్టుకుపోతే, నిన్న పొద్దున మమ్మల్ని తొందరపెట్టి మరీ బయల్దేరదీశాడు, మళ్లీ కట్టి రావడానికి.