సూయింగ్ వదిన విప్పిన చిక్కు

అబద్ధం చెప్పడం తేలికనుకుంటారు జనం. అమరుల కథ ఒకటి చెప్పి చూడమనండి, తెలుస్తుంది. మామూలు మనిషి కథలో తప్పు దొర్లితే "పోనీలే, మనిషే కదా" అని ఊరుకుంటారు. చావులేని వాడి కథ అనేసరికి ప్రతివాడూ లాయరైపోతాడు. మేఘమెక్కి రెప్పపాటులో సముద్రాలు దాటేవాడు ఈ పిల్ల ఏరు దగ్గర పడవ కోసం ఎందుకు నిలబడ్డాడు? పోయినవాళ్లను లేపే గుళిక నడుముకి కట్టుకు తిరిగేవాడు సొంత తల్లిని ఎలా పోనిచ్చాడు? అసలు చావే లేనివాడికి వారసుడు లేడన్న బెంగ దేనికి?

మా సిచువాన్‌లో, మా ఏటి ఒడ్డు టీ ఇంట్లో, ఈ ప్రశ్నలకో పద్ధతి ఉంది. కథలో చిక్కు పట్టినవాడు తన టీ గిన్నె మూతతో అంచు మీద టక్కున కొడతాడు. కథ ఆగిపోవాలి. ముందు కొట్టినవాడిదే మాట, మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. కథకుడు చిక్కు విప్పితే కొట్టినవాడు హాలందరికీ పొద్దుతిరుగుడు గింజలు కొనిపెట్టాలి. విప్పలేకపోతే కథకుడే గద్దె దిగొచ్చి వాడికి టీ పోయాలి. నేను అక్కడ చెవులు శుభ్రం చేసి బతికేవాణ్ణి. ఒకడి చెవిలో పుల్ల పెట్టి ఉండగా పక్కవాడు మూత కొడితే నా గుండె ఆగిపోయేది. ఆ సంగతి ఎవడికి పట్టింది!

మా టీ ఇంటి కథకుడు షియాంగ్ మాస్టారు గద్దె దిగి టీ పోయడం నేను చూసింది బహు అరుదు. ఆ గొప్ప ఆయనది కాదు, ఆయన భార్య సూయింగ్ వదినది. మధ్యాహ్నం చెప్పబోయే కథ పొద్దున్నే వంటింట్లో ఆవిడ ముందు చెప్పాలి. ఆవిడ చిక్కుళ్లు ఒలుస్తూ వినేది. మా ఇంటికీ వాళ్లింటికీ గోడ ఒకటే కాబట్టి నాకూ వినబడేది.

"నీ అమరుడికి మూడొందల ఏళ్లన్నావు. వాణ్ణి చిన్నప్పుడు శిష్యుడు ఎత్తుకు తిరిగాడంటావేం? మతుండే చెబుతున్నావా?"

"ఆ శిష్యుడు కూడా అమరుడేనే."

"అయితే ఆ ముక్క ముందు చెప్పి చావు."

"చావులేని వాళ్ల కథ చెబుతుంటే చావమంటావేంటే!"

ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్లు. పిల్లల్లేరు. ఆ ఇంట్లో తిరిగిందల్లా అమరులే.

తర్వాత మాస్టారికి మతిమరుపు వచ్చింది. మొదట ఇంట్లో వస్తువుల పేర్లు పోయాయి, తర్వాత కథల్లో మనుషులు కలిసిపోయారు. ఒకరోజు, క్రితం రోజే అమరుడి కత్తికి బలైన పులి రాక్షసుడు నింపాదిగా వచ్చి సారా తాగుతున్నాడు. హాల్లో మూతల మీదకి చేతులు వెళ్లాయి. అందరికంటే ముందు ఒక మూత మోగింది. చూస్తే సూయింగ్ వదిన! ఎన్నడూ హాలుకి రాని మనిషి ముందు వరసలో కూచుని ఉంది.

"మాస్టారూ, నిన్న కొండ మీద చచ్చింది వాడి నీడేనా?"

మాస్టారి మొహం వెలిగిపోయింది. "నీడే! భలే పట్టావమ్మా!"

అప్పట్నించీ అదే వరస. తప్పు దొర్లడం ఆలస్యం, వదిన మూత మోగేది. ప్రశ్నలోనే జవాబు పెట్టి అందించేది. రోజూ ఓడిపోయి రోజూ గింజలు కొనిపెట్టేది. హాలుకి అంతా తెలుసు, గింజలు తిని ఊరుకునేది.

ఒక్కసారి వదిన జ్వరంతో పడుకుంది. ఆవేళ చేపలమ్మే కువాంగ్ మూత కొట్టాడు. మాస్టారికి జవాబు తోచలేదు. దిగి టీ పోయాలన్నది కూడా మరిచిపోయి, సంతలో తల్లి చెయ్యి వదిలేసిన పిల్లాడిలా నిలబడి ఏడ్చాడు. మర్నాడు టీ ఇంటి యజమాని పాన్, వదిన దగ్గరికొచ్చాడు. "ఇంకోసారి ఇలా అయితే గద్దె మీద వేరేవాణ్ణి కూచోబెడతాను వదినా. నన్ను తిట్టుకోకు" అన్నాడు.

గద్దె దిగితే మాస్టారు ఏమైపోతాడో వదినకి తెలుసు. ఇంట్లో చెంచాని ఏమంటారో తెలియని మనిషి, అక్కడ కథ మొదలెట్టడానికి బల్ల మీద చెక్క బిళ్ల ఠప్పున కొట్టగానే మళ్లీ మనిషయ్యేవాడు. ఆయనకి మిగిలింది ఆ మధ్యాహ్నాలే.

ఆ తర్వాత ఒకరోజు, పొగమంచు కొండ అమరుడి కథ. అమరుడు ఊరికి తిరిగొచ్చేసరికి భార్య పోయింది. మాస్టారు అక్కడ ఆగాడు.

"ఆ దుఃఖం నాకు తెలుసు. నా భార్య కూడా వరదలొచ్చిన ఏడాది పోయింది. బతికుంటే నా కథల్లో ఇన్ని తప్పులు దొర్లనిచ్చేదా!"

మూత మీద ఉన్న వదిన చెయ్యి కదల్లేదు. ఆవిడ ఆలస్యం చేయడం అదే మొదలు. ఈలోగా కువాంగ్ కొట్టాడు.

"చిక్కు మాస్టారూ! మీ ఆవిడ ఇదిగో, ముందు వరసలో గింజలు నములుతోంది. పోయిందంటారేంటి?"

హాలు గొల్లుమంది. కువాంగ్ దుర్మార్గుడేం కాదు, ఎకసెక్కం చేశాడంతే. అయినా ఆ క్షణాన నా పుల్ల వాడి చెవిలో ఉండి ఉంటే ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

మాస్టారు వదిన వైపు చూశాడు. ఎంతసేపు చూసినా ఆ మొహం ఆయనకి దొరకలేదు. చేతిలోని చెక్క బిళ్ల బల్ల మీద పెట్టేశాడు. గుమ్మం దగ్గర పాన్ లేచి నిలబడ్డాడు.

వదిన కూడా లేచింది. "కళ్లు నీ చేపలకి అరువిచ్చావా కువాంగ్? నేను ఆవిణ్ణి కాదు, ఆవిడ చెల్లెల్ని. మాది ఒకటే పోలిక. మాస్టారు చెప్పింది నిజం. అక్క పోయింది."

ఆవిడకి చెల్లెలు లేదని ఆ హాల్లో అందరికీ తెలుసు. సగంమంది వాళ్ల పెళ్లి భోజనం తిన్నవాళ్లే. ఏ ఒక్కడైనా మూత కొట్టొచ్చు. ఒక్క మూతా మోగలేదు. కువాంగ్ తలొంచుకుని వెళ్లి అందరికీ గింజలు తెచ్చాడు. మాస్టారు చెక్క బిళ్ల కొట్టి కథ అందుకున్నాడు. ఈ మధ్యకాలంలో అంత బాగా ఎన్నడూ చెప్పలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలియదు.

ఇంటికి ముగ్గురం కలిసే నడిచాం. ఏటి గట్టు మెట్ల దగ్గర వదిన ఎప్పటిలాగే ఆయన చెయ్యి పట్టుకుంది.

"మీ అక్క పోయినప్పుడు నేనెక్కడున్నానమ్మా?" అన్నాడు మాస్టారు. "అదే గుర్తు రావడం లేదు. కథలంటూ ఊళ్లు పట్టుకు తిరుగుతున్నానా?"

"లేదు బావగారూ. పక్కనే ఉన్నారు."

"ఏమైనా అడిగిందా?"

"కథ చెప్పమంది. చెప్పారు. వింటూనే పోయింది."

"తప్పులు పట్టలేదూ?"

"పట్టలేదు. అంతా బాగుందంది."

మాస్టారు అమ్మయ్య అనుకున్నాడు. అప్పుడు చూసుకున్నాడు, ఆవిడ చేతిలో ఉన్న తన చేతిని. మెల్లగా విడిపించుకున్నాడు.

"ఏమనుకోకమ్మా. మరదలివి. మీ అక్క మనసు నొచ్చుకుంటుంది."

"అలాగే బావగారూ" అని వదిన ఒక మెట్టు వెనక్కి తగ్గింది. ఆయన తూలితే పట్టుకోడానికి రెండు చేతులూ చాచి, తాకకుండా, చప్పుడు రాకుండా ఏడుస్తూ ఇంటిదాకా అలాగే నడిచింది.