కడిగి పంపమనే అక్క

ఆమెకు ‘కడుగుడక్క’ అని పేరు పెట్టింది టీమ్ లీడరే. తమ సాఫ్ట్‌వేర్ మొరాయించినప్పుడు కస్టమర్లకు ఫోనులో దారి చూపించడం ఆమె ఉద్యోగం. ఇంటిల్లిపాదికీ ఆ జీతమే ఆధారం. బ్రౌజర్ వెనకాల జరిగిన రాకపోకలన్నీ లాగ్ ఫైలుగా పంపమంటుంది, పంపేముందు కడగమని, అంటే అందులోని గుట్టు వివరాలు తీసేయమని, పదిసార్లు చెబుతుంది. లాగిన్ అయినవాళ్ళ గుర్తింపు కుకీ కూడా అందులో పడుతుంది మరి. దాన్ని ఎవడైనా తన బ్రౌజర్లో అతికించాడా, పాస్‌వర్డ్ అక్కర్లేకుండా దర్జాగా లోపలికి పోవచ్చు.

ఆ రోజు ఒక ఆస్పత్రి రిసెప్షనిస్టు తొందరలో కడగకుండానే పంపేసింది. అది ముందు టీమ్ లీడర్ కంట్లో పడింది. అందులోని కుకీ అతికించి అతను ఆస్పత్రి ఖాతాలోకి దూరాడు. అక్క మంచినీళ్ళు తెచ్చుకుని వచ్చేసరికి అతని కుర్చీ చుట్టూ నలుగురు మూగి ఉన్నారు. తెర నిండా రోగుల పేర్లు, రిపోర్టులు.

“వీడు మా వీధివాడేరా. పెద్దమనిషిలా తిరుగుతాడు, వీడికి ఈ రోగమా,” అని లీడర్ ఇకిలించాడు. మిగతావాళ్ళూ పళ్ళికిలించారు.

అక్క తెచ్చిన నీళ్ళు పక్కన పెట్టేసింది. ఛీ, చదువుకున్న మనుషులేనా వీళ్ళు! పక్కవాడి జబ్బు వీళ్ళకు కాలక్షేపం.

“వెతకాల్సింది సాఫ్ట్‌వేర్లో తప్పు సార్, జనం రోగాలు కాదు.”

“మొదలెట్టింది కడుగుడు. లోపలికెళ్తేనే కదమ్మా తప్పు తెలిసేది,” అన్నాడతను, ఇంకో రిపోర్టు తెరుస్తూ.

ఆమె అద్దాల తలుపు అవతలికి పోయి రిసెప్షనిస్టుకు ఫోన్ చేసింది.

“అమ్మా, అన్ని చోట్లా లాగౌట్ అనే బటన్ ఉంటుంది, ముందది నొక్కండి. పాస్‌వర్డ్ మార్చండి.”

లోపల లీడర్ విసుగ్గా మౌస్ విసిరాడు. తెర మీద లాగిన్ పేజీ.

“ఇప్పుడు కొత్త ప్రైవేట్ విండో తెరవండి. ఉత్తుత్తి రోగి పేరు పెట్టండి. రాకపోకలు నమోదయ్యే నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, మొరాయించే పని ఒక్కటే చేసి, ఫైలు దాచుకోండి. లాగౌట్ అయి, ఫైల్లోంచి కుకీలు తీసేసి అప్పుడు పంపండి.”

“ఇంత జాగ్రత్త కాబట్టే మా డాక్టరుగారికి మీరంటే అంత నమ్మకమండీ,” అంది అవతలి గొంతు.

ఆ మెప్పుకు అక్క ఒళ్ళు కంపరమెత్తింది. అద్దం లోంచి లీడర్ ఆమెనే చూస్తున్నాడు. నోరు మూసుకుంటే జీతం వస్తుంది, రేపు మళ్ళీ ఆ ఇకిలింపుల మధ్యే కూర్చోవాలి.

“నమ్మకండమ్మా. మావాళ్ళు మీ రోగుల రిపోర్టులు తెరిచి, చదివి, నవ్వారు. డాక్టరుగారికి ఫోనివ్వండి, నేనే చెప్తాను.”