దేముడమ్మను పిలవని ప్రారంభం

దేముడమ్మ పేరు విని నవ్వేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. వెబ్‌సైట్లు తయారుచేసే మనిషికి ఆ పేరేమిటి, కార్డు మీద ఇంకో పేరేదైనా వేయించుకోకూడదా అని, అనకాపల్లి మెయిన్ రోడ్డులో నా జిరాక్స్ షాపులో నిలబడి సలహాలిచ్చినవాళ్లు చాలామంది. ఆమె వినలేదు. షాపు వెనక గదిలో బల్ల వేసుకుని ఏడేళ్లుగా పనిచేస్తోంది. ఎవరి సైటు పడిపోయినా ముందు ఆమె మీదే అరుస్తారు. లేచాక ఒక్కరూ ఫోన్ చేయరు.

వాళ్లమ్మ కాసులమ్మ పూడిమడక నుంచి చేపలు తెచ్చి ఇక్కడి మార్కెట్లో అమ్మేది. మొప్ప ఎత్తి చూడకుండా చేప మంచిచెడ్డలు మాట్లాడేవాళ్లను ఆవిడ మనిషి కింద జమకట్టేది కాదు. కూతురికీ అదే బుద్ధి వచ్చింది.

మొన్న గురువారం పొద్దున్న, బుచ్చయ్యపేట అవతల ఒక ఊరి బెల్లం రైతుల సంఘం నుంచి ఆమెకు ఫోనొచ్చింది. ఆ సంఘం సైటు ఆమె చేతి పనే. గానుగాడే చోట పొగలో నిలబడి వీడియోలు తీసింది. ప్రతి రైతు ఫొటో పెట్టింది. ఈమధ్య సైటులోనే ఆర్డర్లు తీసుకోవాలనుకున్నారు. దానికి కావలసిన ప్లగిన్, అంటే సైటుకు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాం, వెతికి, పరీక్షించి, ఫైలు పంపింది. శనివారం తనే వచ్చి పెడతానని కూడా చెప్పింది. వీళ్లు గురువారం ముహూర్తం బాగుందని తామే పెట్టేసుకున్నారు. ఆమెకు మాటమాత్రం చెప్పలేదు.

ఫోన్‌లో సంఘం గుమస్తా ధనరాజ్. "సైటు పోయిందమ్మా. తెల్లగా అయిపోయి ఐదొందలు ఎర్రరని వత్తంది."

"ఏటి సేసేరు?"

"నువ్వు పంపిందే పెట్టేం. ఇంకేటీ సెయ్యనేదు. నాలుక్కి మీటింగు. ఈలోగా లేవకపోతే పని వైజాగు కంపెనీకిచ్చేసి, కిందనున్న నీ పేరు తీయించేత్తామని త్రినాధరావు గారు సెప్పమన్నారు."

సైటు అడుగున చిన్న అక్షరాలతో ‘తయారీ: దేముడమ్మ, అనకాపల్లి’ అని ఉంటుంది. కొత్త పనులన్నీ ఆ పేరు చూసే వచ్చేవి. అది తీసేస్తే ఈ చుట్టుపక్కల ఆమెను ఇంకెవరు పిలుస్తారు? ఆ మాట అంత తేలిగ్గా ఎలా అన్నారో నాకిప్పటికీ మింగుడుపడదు.

సర్వరు అద్దెకిచ్చినవాళ్లకు ఫోన్ చేసింది. సర్వరు నిక్షేపంలా ఉంది మేడం, తప్పు ప్లగిన్‌దే అన్నారు. ప్లగిన్ వాళ్లను అడిగితే తప్పు సర్వరుదే అన్నారు. ఇద్దరూ చాలా మర్యాదగా చేతులు దులిపేసుకున్నారు. పన్నెండయింది.

"ఆళ్ల మాటలొదిలీ బాబాయ్. మొప్ప ఎత్తి సూత్తాను" అంది నాతో.

సైటు లోపలికి వెళ్లే తలుపు కూడా తెరుచుకోవడం లేదు. ఆమె సర్వరులోకి నేరుగా వెళ్లి, ప్లగిన్లుండే ఫోల్డరు పేరు మార్చింది. అలా మారిస్తే ప్లగిన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయట. సైటు లేచి కూర్చుంది. అంటే తప్పు ప్లగిన్లలోనే ఉందన్నమాట. తర్వాత సర్వరు తన తప్పులు రాసుకునే చిట్టా తెరిచింది. అందులో ఒకటే మాట, వందసార్లు: ఈ పేరుతో ఒకటి ముందే ఉంది, రెండోది కుదరదు.

ఫోల్డరులో చూస్తే ఒకే ప్లగిన్ రెండు ఉన్నాయి. ఒకటి పొద్దున్న పది గంటల పన్నెండు నిమిషాలకు త్రినాధరావు పేరుతో, ఇంకొకటి పది గంటల పంతొమ్మిది నిమిషాలకు ఎల్లాజీ పేరుతో ఎక్కాయి. త్రినాధరావు ఆ ఊళ్లో పై వీధి పెద్ద, ఎల్లాజీ కింద వీధి పెద్ద. అక్కడ ఏ ప్రారంభానికైనా రెండు రిబ్బన్లు కడతారు, రెండు కొబ్బరికాయలు కొడతారు.

దేముడమ్మ ధనరాజ్‌కు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"రెండుసార్లు పెట్టేరా?"

"మరేటి సెయ్యమంటావమ్మా? పై వీధి పెద్ద పెట్టేక కింద వీధి పెద్ద సూత్తా కూకుంటాడా?"

"కంప్యూటరు వద్దననేదా?"

"అంది. ముందే ఉందని ఆపేసింది. అందుకే రెండోదానికి పైన పేరు మాత్రం మార్చి ఎక్కించేను."

"పొద్దున్నే ఈ మాట సెప్పొచ్చు కదా!"

"అది పెద్దల సంగతి కదమ్మా."

నాకు రక్తం మరిగిపోయింది. యంత్రం వద్దని మొత్తుకుంటే దాన్ని ఏమార్చారు. అడిగితే దాచారు. పైగా పేరు తీసేస్తామని బెదిరింపు! దేముడమ్మ వాట్సాప్‌లో ప్రారంభం ఫొటోలు చూపించింది. రెండు కుర్చీలు, రెండు దండలు, ఒకే మౌసు మీద వంతులవారీగా ఇద్దరు పెద్దల చేతులు. సైటు చేసిన మనిషి ఏ ఫొటోలోనూ లేదు.

నాలుగింటికి ఆమెను నా స్కూటరు మీదే తీసుకెళ్లాను. సంఘం గదిలో సైటు తెరిచి చూపించింది. ఆర్డరు బటనుతో సహా అన్నీ పనిచేస్తున్నాయి. జరిగింది విడమరిచి చెప్పింది. తప్పయిందమ్మా అని ఒక్కరైనా అంటారనుకున్నాను.

"అయితే ఎవరిది తీసేవు?" అన్నాడు త్రినాధరావు.

"అదే నానూ అడుగుతన్నాను" అన్నాడు ఎల్లాజీ, కుర్చీలో ముందుకు జరిగి.

దేముడమ్మ ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు.

"రెండూ తీసీసేను. ఇప్పుడున్నది నేను పెట్టింది."

ఆమె ధనరాజ్ వైపు తిరిగింది.

"తీర్మానం రాయండి. ఇకమీదట సైటులో ఏది పెట్టాలన్నా దేముడమ్మే పెడతాది. కొబ్బరికాయలు మీ ఇష్టం, ఎన్నైనా కొట్టుకోండి. ఇది రాయకపోతే నా పేరు మీరు తియ్యక్కర్లేదు, నేనే తీసుకుని ఎల్లిపోతాను."

పెద్దలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వైజాగు కంపెనీ మాట ఎవరూ ఎత్తలేదు. ధనరాజ్ రాసి, పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. సంతకానికి ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో వాడికి తెలియలేదు. ఒకడుగు త్రినాధరావు వైపు వేసి ఆగాడు, ఎల్లాజీ వైపు చూశాడు.

దేముడమ్మ ఆ పుస్తకం లాక్కుని మొదటి సంతకం తనే పెట్టింది.