ఉతైలో విదేశాంగ విధానం

ఆ ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు దుర్గ్ బస్టాండులో ఉన్నవి ఇవి: నేను, భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో నాతో పనిచేసే అప్పలనాయుడు, ప్లైవుడ్ పెట్టె ఒకటి. పెట్టెలో స్లయిడు ప్రొజెక్టరు, లారీ బ్యాటరీ, ఎర్ర వైరు, నల్ల వైరు, చేత్తో గీసిన స్లయిడ్లు. విడిగా తెర కోసం ఒక తెల్ల దుప్పటి, ఇడ్లీల పొట్లం. ఇడ్లీలు బస్సు రాకముందే అయిపోయాయి.

వెళ్తున్నది ఉతైకి. దుర్గ్ నుంచి ముప్పావుగంట ప్రయాణం. వెళ్ళదలచినవారు కుడివైపు కూర్చోవాలి. ఉదయం ఎండ ఎడమవైపు కొడుతుంది. టికెట్ కండక్టరు లోపలికి వచ్చి ఇస్తాడు, చిల్లర మాత్రం దిగేటప్పుడు ఇస్తానంటాడు. దిగేటప్పుడు గట్టిగా అడగాలి.

వెళ్తున్న కారణం కొంచెం పెద్దది. రోడ్డు పక్కన దొరికిన ట్రాన్సిస్టరులో బాంబు ఉండొచ్చు, ముట్టుకోవద్దని రేడియోలో రోజూ చెబుతున్న రోజులవి. భిలాయిలో మా సెక్టారు తెలుగు కుర్రాళ్ళ సంఘం కూడా ఏదో ఒకటి చేయాలనుకుంది. చేయాల్సింది ఏమిటో నేను రాసి ఇచ్చాను. ఇంజనీరింగు చదివినవాణ్ణి, ఏ సమస్యనయినా పాయింట్లుగా విడగొడితే సగం తీరినట్టేనని నా నమ్మకం. ‘మతోన్మాదం, ఉగ్రవాదం: మన విదేశాంగ విధానం, మన అప్రమత్తత’ అని పేరు పెట్టి ఏడు పాయింట్లు తయారుచేశాను. ఢిల్లీ నన్ను అడగలేదు. ఉతై బడి హెడ్మాస్టరుగారు అడిగారు.

కరెంటు ఉంటుందో ఉండదోనని ప్రొజెక్టరులో లారీ హెడ్‌లైటు బల్బు బిగించి బ్యాటరీతో వెలిగేలా చేశాను. వైర్లు పెట్టె పక్కనున్న కన్నంలోంచి బయటికి వేలాడేవి. బాంబు ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే చూపించడానికి అంతకంటే మంచి నమూనా భిలాయిలో దొరకదు. ఇది నాకు ఆ సాయంత్రం తట్టింది.

“ఏటి గురూ, ఇంత బరువు? విదేశాంగ విధానం మోయడానికి నేనే దొరికానేటి?” అని అప్పలనాయుడు దారి పొడుగునా గొణిగాడు.

పదకొండుకు బడి వరండాలో దుప్పటి కట్టి మొదలుపెట్టాను. వెలుతురు ఆపడానికి తలుపులూ కిటికీలూ లేని వరండా కాబట్టి స్లయిడ్లు సగమే కనిపించాయి. నా హిందీ అంతకంటే తక్కువ కనిపించింది. ఉగ్రవాదులకు ఆశ్రయమిచ్చే దేశంతో ముఖాముఖి గట్టిగా మాట్లాడాలన్నాను. నేరస్థుల అప్పగింతకు ఒప్పందాలు, డబ్బు వచ్చే దారులు మూయడం, సరిహద్దు కాపలా, ఇవన్నీ అయ్యాక అప్రమత్తతకు వచ్చాను. దిక్కులేని పెట్టె కనిపిస్తే ముట్టుకోవద్దు, యాభై అడుగులు దూరం జరగాలి, పోలీసుకు చెప్పాలి. యాభై ఎందుకంటే, గుండ్రంగా ఉందని. చివర్లో ఊపు వచ్చి, ఇంటి దగ్గర రాసుకోని మాట ఒకటి కలిపాను: “మీ సొంత పెట్టే అయినా సరే, ఐదు నిమిషాలు వదిలేస్తే ఇక అది మీది కాదు. లోపల ఎవరు ఏం పెట్టారో మీకేం తెలుసు?”

ఈ వాక్యానికి చప్పట్లు పడ్డాయి. ఏడో పాయింటు మిగిలింది కానీ బస్సు టైమయిందని వదిలేశాను.

హెడ్మాస్టరుగారిని అందరూ గురూజీ అంటారు. దుర్గ్‌లో పనుందని ఆయనా మాతోనే బయలుదేరారు. సభకు వచ్చినవాళ్ళలో చాలామంది అదే బస్సుకు వెళ్ళాల్సినవాళ్ళు.

రెండు గంటల బస్సు ఉతైలో కాసేపు ఆగుతుంది. ఇక్కడ సీటు పట్టే పద్ధతి అందరికీ తెలిసిందే: రుమాలో గొడుగో సీటు మీద పడేసి దిగిపోవడం. రుమాలయితే ఎవరైనా తీసేస్తారని, బరువైనదేదైనా పెడితే కదలదని లెక్క వేసి, పెట్టెను మూడో సీటు మీద కిటికీ వైపు పెట్టాను. దుప్పటి అప్పలనాయుడి భుజం మీద వేసి, ఇద్దరం వెనక సందులోని కొట్టుకు వెళ్ళాం. సమోసా బాగుంటుంది, చట్నీ వద్దు. రెండేసి తిన్నాం. టీ రెండోసారి కూడా తాగాం.

తిరిగి వచ్చేసరికి బస్సు ఖాళీగా ఉంది. జనమంతా రోడ్డుకు అవతల వరుసగా నిలబడ్డారు. అడుగులు లెక్కపెట్టి మరీ నిలబడ్డారని చూడగానే తెలిసింది. పెట్టె ఒక్కటే నా సీట్లో కూర్చుని ఉంది.

“ఇదేటి గురూ, నీ ఉపన్యాసం పనిచేసేసినట్టుందే!” అన్నాడు అప్పలనాయుడు.

జనానికి ముందు, వేపచెట్టు కింద రాయి మీద ఒక పెద్దాయనను కూర్చోబెట్టారు. అటొకరు ఇటొకరు కాపలా. తెల్ల లాల్చీ, కళ్ళజోడు, చేతిలో గుడ్డ సంచి. పెట్టె పక్క సీట్లో కూర్చున్నది ఆయనేనట. పెట్టె నీదేనా అంటే కాదన్నారట. పేరేమిటంటే మస్తాన్ అన్నారట. తరవాత ఇంకెవరినీ ఏమీ అడగలేదట.

నేను పరుగున వెళ్ళి, “గురూజీ, ఆ పెట్టె నాది!” అన్నాను.

“తెలుసు సాబ్” అన్నారు గురూజీ. “పొద్దున చూశాం కదా. పెట్టె మీదే. లోపలున్నది మీదో కాదో ఎవరు చెప్పాలి? ఐదు నిమిషాలు దాటింది. ఈయన పక్కనే కూర్చున్నాడు.”

“ఆయన ఏం పెడతాడండీ? పెద్దాయన!”

“మీరే అన్నారు సాబ్, సొంత పెట్టెనయినా నమ్మొద్దని. చప్పట్లు కూడా కొట్టాం.”

నా మాటకు నేనే ఎదురు చెప్పాలంటే ఇంకో రెండు స్లయిడ్లు కావాలి.

నేను తెలుగులో అప్పలనాయుడితో ఏదో అనడం విని పెద్దాయన తలెత్తారు. “మనోళ్ళేనేటి? బాబూ, ఎలాగోలా ఇడిపించు. నాలుగుంపావుకి విజీనారం పాసింజరు. అమ్మాయి పెళ్ళి. మా ఇంటిది, పెళ్ళికూతురు, చుట్టాలు అందరూ దుర్గ్ టేసన్‌లో కూకున్నారు. రైల్వే పాసు నా జోబీలో ఉన్నాది. నాను ఎల్లకపోతే ఎవులూ కదల్రు.”

రిటైరయిన ఇంజను డ్రైవరట. తన దగ్గర పనిచేసిన పాత ఖలాసీ ఉతైలో మంచం పట్టి ఉంటే, శుభలేఖ స్వయంగా చేతికివ్వాలని పొద్దున వచ్చారు. సంచిలో మిగిలిన ఒక హిందీ శుభలేఖ తీసి గురూజీకి చూపించారు కూడా. గురూజీ పైనుంచి కిందికి చదివి, అందులో పేర్లన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయని ఇంకా గట్టిగా తల పంకించారు.

కబురు వెళ్ళిన చాలాసేపటికి సైకిలు మీద ఒక కానిస్టేబుల్ వచ్చాడు. పెట్టెను దూరం నుంచి చూశాడు. వైర్లను ఇంకా దూరం నుంచి చూశాడు. దుర్గ్ నుంచి పెద్దవాళ్ళు రావాలన్నాడు. ఎప్పుడొస్తారంటే, ఆదివారం కదా అన్నాడు. అప్పటికి మూడున్నర.

“నేను తీసి చూపిస్తాను” అన్నాను. ధైర్యంతో కాదు, రైలు టైముతో.

పెట్టెను బస్సులోంచి మోసుకొచ్చి పక్కనున్న బీడులో పెట్టాను. జనం మరో యాభై అడుగులు వెనక్కి జరిగారు. అప్పలనాయుడు కూడా జరిగాడు. మోకాళ్ళ మీద కూర్చుని గడియ మీద వేలు పెట్టాను. ఆ పెట్టెకు ప్లైవుడ్ కోసింది నేను, మేకు కొట్టింది నేను, వైరు చుట్టింది నేను. అయినా వేలు కదలలేదు. తల తిప్పి వేపచెట్టు కిందికి, మస్తాన్ గారి వైపు చూశాను.

ఎంతోసేపు కాదు. కానీ ఆయన ఆ చూపును చూశారు.

లేచారు. కాపలావాళ్ళు ఆపబోయారు కానీ ఆయన నడిచేది పెట్టె వైపని గమనించి ఆగిపోయారు. వచ్చి నా పక్కన గడ్డిలో చతికిలబడ్డారు.

“తియ్యి బాబూ. పేలితే పెళ్ళికుండను, తియ్యకపోతే రైలుకుండను. ఏదో ఒకటి బేగి తేల్చు.”

తీశాను. ప్రొజెక్టరు, బ్యాటరీ, స్లయిడ్లు. పొద్దున ఏవి ఉన్నాయో అవే. కానిస్టేబుల్ అక్కడినుంచే అరిచాడు: వెలిగించి చూపించాలట. బడి వరండాలో అంతంతమాత్రంగా కనిపించిన ప్రపంచపటం మధ్యాహ్నపు ఎండలో బస్సు వెనక రేకు మీద అసలు కనిపించలేదు. బల్బు మాత్రం వెలిగింది. అంతా చప్పట్లు కొట్టారు. గురూజీ వచ్చి మస్తాన్ గారి చెయ్యి పట్టుకుని, “ఏమీ అనుకోవద్దు భాయిసాబ్, దేశం కోసం” అన్నారు.

“దేశానికి ఒక్క పెట్టె సరిపోయింది, సంతోసం” అని ఆయన తెలుగులో నాతో అన్నారు. నేను గురూజీకి అనువాదం చేయలేదు.

బస్సు కదిలింది. ఈసారి పెట్టె నా ఒళ్ళో ఉంది. మోకాళ్ళ మీద బ్యాటరీ బరువు ఎంతదూరం ఆగుతుందో తెలుసుకోవాలనుకునేవారికి: రెండు మైళ్ళు.

“ఇంతకీ ఏటి సెప్పినావు బాబూ ఆళ్ళకి?” అని మస్తాన్ గారు అడిగారు.

చెప్పాను. ఒప్పందాలు, సరిహద్దులు, డబ్బు దారులు. ఆయన శ్రద్ధగా విన్నారు.

“బావుంది. దేశాలన్నింటికీ దారి సెప్పినావు. మరి పక్క సీటోడితో ఏటి సెయ్యాలో సెప్పలేదేటి?”

“అది ఏడో పాయింటండీ. ఉన్మాదులు వేరు, ఆ మతంలో పుట్టిన మామూలు మనుషులు వేరు అని. టైము లేక వదిలేశాను.”

“టైము లేదేటి!” ఆయన నవ్వేశారు. “గంటన్నర కూకోబెట్టినారు కదా నన్ను!”

ముందు సీటులోని గురూజీ వెనక్కి తిరిగి, ఏమంటున్నాడని అడిగారు. ఈసారి అనువాదం చేశాను, ఏడో పాయింటుతో సహా. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. నేను అడిగిన ఒకటి రెండు సంగతులకు అటు చూస్తూనే జవాబు చెప్పారు.

బస్టాండు నుంచి రిక్షా చేసుకుని స్టేషనుకు పరుగెత్తాం. నాలుగుంపావు ఎప్పుడో దాటింది. ప్లాట్‌ఫారం చివర ట్రంకుపెట్టెలు, పరుపుచుట్టలు, వాటి మధ్య పదిహేనుమంది దాకా మనుషులు, గోరింటాకు చేతులతో ఒక అమ్మాయి ఉన్నారు. రైలు ఇంకా రాలేదు. ఆలస్యంగా నడుస్తున్నందుకు ఒక పాసింజరు బండికి నేను దండం పెట్టడం అదే మొదలు.

మస్తాన్ గారి భార్య ఆయనను చూడగానే అందుకున్నారు. “ఏటి, పెళ్ళి ఊళ్ళోవాళ్ళ పిల్లకనుకున్నావేటి? ఇంత తాపీగా వస్తన్నావు! ఎక్కడుండిపోనావు?”

నేను నోరు తెరిచాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

“ఈ బాబు ఉపన్యాసం సెప్పినాడే. మజ్జిలో లేస్తే బాగోదని ఉండిపోనాను.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. “సదువుకున్నోడివే కదా నాయనా. పెళ్ళి ముంగిట మనిషిని అట్టా కూకోబెడతారా?”

తప్పేనన్నాను. రైలు వచ్చాక ట్రంకులు ఎక్కించాం. బండి కదిలేటప్పుడు ఆయన కిటికీలోంచి ఏదో అన్నారు. ఇంజను కూతలో వినబడలేదు.

దుర్గ్ నుంచి భిలాయికి టెంపోలో వచ్చాం. అప్పలనాయుడు దుప్పటి మడతపెట్టి దానిమీదే కునికాడు. సంఘానికి నివేదిక ఇవ్వాలి కాబట్టి నేను మనసులో రాసుకుంటూ వచ్చాను. నా పాయింట్లలో ఏదీ తప్పు కాదని ఇప్పటికీ నా అభిప్రాయం. ఆశ్రయమిచ్చే దేశంతో గట్టిగానే మాట్లాడాలి, దిక్కులేని పెట్టెను ముట్టుకోకూడదు. ఉతై జనం చెప్పింది చెప్పినట్టు చేశారు, మెచ్చుకోవాలి. ఆ తరవాత, పెట్టెకు పక్కన, ముందు, వెనక సీట్లలో ఎవరెవరు కూర్చున్నారని గురూజీని బస్సులో అడిగి తెలుసుకున్నది లెక్కవేశాను. మస్తాన్ గారితో కలిపి తొమ్మిదిమంది. పేరు అడిగింది ఒక్కరిని.