బొరుగులు తడిపే వేళ

నా కూతురు చనిపోయి నెల దాటింది. మీలో కొందరు అంగడి చూపించమని ఇంకా దాని ఫోనుకు చేస్తున్నారు. ఫోను నా దగ్గరే ఉంది. ఎత్తితే ఏం చెప్పాలో తెలియక మోగనిస్తున్నాను. అందుకే ఇది రాస్తున్నాను. ఐదో తరగతి చదువు నాది, తప్పులుంటే సర్దుకోండి.

ఊళ్లు చూడ్డానికి వచ్చిన మీలాంటివాళ్లకు అది పొద్దున ఎమ్మిగనూరులో మగ్గాలు చూపించి, బస్సులో ఆదోని మార్కెట్టుకు తీసుకొచ్చేది. అంగడిని కళ్లతో చూస్తే సగమే చూసినట్టు, ముక్కుతో కూడా చూడాలనేది. జొన్నలు అరచేతిలో పోయించేది. ధర అడిగే ముందు అమ్మేవాళ్ల బాగోగులు అడగమనేది.

మిరపకాయల పెద్దాయన దాన్ని రోజూ ఆటపట్టించేవాడు.

"ఏం పాపా, ఈ పొద్దు ఎంతమందిని ఏడిపించేకి తెచ్చినావు?"

"నేను యాడ ఏడిపిస్తాండాను మామా? నీ కాయలే కదా ఏడిపించేది."

ఆయన అంగడి దాటి మలుపు తిరిగితే నా బండి. నేను ఉగ్గాని, బజ్జీ అమ్ముతాను. ఉగ్గానికి బొరుగులు, కొందరు మరమరాలంటారే అవి, ముందే తడిపి పెట్టుకోకూడదు. నీళ్లలో వేసి, వెంటనే పిండేసి, తాలింపులో కలిపి, పప్పుల పొడి చల్లి వేడిగా పెట్టాలి. కాస్త ఆలస్యమైనా ముద్దే. అందుకని అది మలుపు అవతలి నుంచే అరిచేది, "అమ్మా, బొరుగులు తడుపు" అని. ఆ అరుపు వినబడ్డాకే నేను నీళ్లలో చేయి పెట్టేదాన్ని.

నేను నీ అమ్మనని వచ్చినవాళ్లకు చెప్పొద్దు, చీరంతా నూనె మరకలు అన్నానొకసారి దానితో. "మరక లేనామె సేసిన ఉగ్గాని ఎవురు తింటారుమా" అంది. మీరు తిని బాగుందన్నాకే చెప్పేది. ముందే చెబితే మర్యాదకు పొగుడుతారట.

చివరిసారి బయలుదేరిన పొద్దున దాని ఒళ్లు వెచ్చగా ఉంది. "కాళ్లు వస్తాలేవుమా" అంది. నుదురు పట్టి చూశాను. చూసి కూడా అన్నాను, "బెంగళూరు నుంచి వచ్చినోళ్లు ఎదురుసూస్తాంటారు. పోయిరాపో. వచ్చినాక పండుకుందువులే."

వెళ్లింది. ఆ రోజు అరుపు సన్నగా వినిపించింది. వచ్చినవాళ్లు తినేదాకా ఎప్పుడూ నిలబడే పిల్ల, ఎర్రగడ్డల గంప బోర్లించి కూర్చుంది. నవ్వుతూనే అన్నీ చెప్పింది. తను ఒక్క మెతుకు ముట్టలేదు. డెంగీ అన్నారు. మూడో రోజుకు కర్నూలు ఆసుపత్రిలో కన్నుమూసింది.

"నీ తప్పేముందక్కా, జ్వరం ఎవురికి రాదు" అంటారు అంగడివాళ్లు. వాళ్ల మంచితనం అది. పోయిరాపో అన్నది మాత్రం నేనే.

దాని మాట విని మా అంగడిని ప్రేమగా చూసినందుకు మీకు దండం. ఇక దానికి ఫోను చేయొద్దండి.

మొన్న మళ్లీ బండి తెరిచాను. మలుపు అవతలి నుంచి ఒక ఆడపిల్ల గొంతు, అమ్మా అని. తన తల్లిని పిలుచుకుంది. అప్పటికే నేను ఉన్న బొరుగులన్నీ నీళ్లలో పోసేశాను. పిండడానికి రెండు చేతులూ పెట్టి మలుపు వైపు చూస్తూ ఉన్నాను. ఎవరూ రాలేదు. చేతులు తీయబుద్ధి కాలేదు. బొరుగులు నా వేళ్ల మధ్యనే నాని, ముద్దై, నీళ్లలో కలిసిపోయాయి.